పత్తి డబ్బుతో కట్టిన కచేరీ – అందులో కౌలురైతు పేరు ఏ పుస్తకంలో ఉంది?

పత్తి మూడో తీత అయిపోయింది. కట్టె పీకించడానికి కూలీలు దొరక్క రెండ్రోజులుగా ఖాళీగా ఉన్నా. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నది ఈ సందులో రాసేస్తున్నా. పోస్టు పొడుగ్గా ఉంటది. ఇప్పుడు టైము లేనివాళ్లు దాచుకుని రాత్రి అన్నం తిన్నాక చదవండి.

నిరుడు మా పెద్దోడి దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. వాడుండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన. అక్కడ మన తెలుగువాళ్లకు కొదవ లేదు. గుడి ఉంది, గోంగూర దొరుకుతది, గుంటూరు కారం దొరుకుతది. కానీ రెండు వారాలు ఇంట్లో కూర్చునేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఎక్కడికి పోదాం నాన్నా?" అని మావాడు అడిగితే, "నాకు మాల్సూ గీల్సూ వద్దురా, పొలాలు చూపించు" అన్నా. ఆదివారం పొద్దున్నే కారెక్కించి దక్షిణం వైపు తీసుకెళ్లాడు.

ఊరు దాటాక నేల చూసి కారు ఆపమన్నా. దిగి పిడికెడు మన్ను తీసి చూస్తే అచ్చం మన నల్లరేగడి. ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే కాలికి అంటుకుని వదలదు. ఆ నేలను వాళ్లు కూడా నల్లనేల మైదానం అనే అంటారు. ఒకప్పుడు ఆ మైదానమంతా పత్తే. మన పల్నాడు రైతుకు ఆ మన్ను కొత్త కాదు.

డాలస్ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో వాక్సహాచీ అనే ఊరుంది. ఎల్లిస్ కౌంటీకి అదే ముఖ్యపట్నం. ఆ ఊరి నడిమధ్య చౌకులో ఒక కచేరీ భవనం ఉంది. దూరం నుంచి చూసి నేను కోట అనుకున్నా. ఎర్రరాయి, గులాబీరంగు రాయి, పైన గడియారం ఉన్న పెద్ద బురుజు. "ఏ రాజుదిరా ఇది?" అంటే, "రాజు లేడు నాన్నా, కోర్టు. మన తాలూకా కచేరీ లాంటిది" అన్నాడు మావాడు. ఆ రోజు మొదలుపెట్టి, ఆ భవనం గురించి మావాడి చేత చదివించుకుని, చౌకులో ఉన్న చిన్న మ్యూజియంలో ఒక పెద్దాయన్ని అడిగించి తెలుసుకున్నదే ఈ పోస్టు.

ముందు కౌంటీ అంటే ఏంటో చెప్తా. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. మన పాత తాలూకాకి ఎక్కువ, జిల్లాకి తక్కువ అనుకోండి. ప్రతి కౌంటీకి ఒక ముఖ్యపట్నం, అందులో ఒక కచేరీ. కేసులు విచారించేది అక్కడే, శిస్తు కట్టేది అక్కడే, పెళ్లి రాయించుకునేది అక్కడే, భూమి కొన్నా అమ్మినా తాకట్టు పెట్టినా పుస్తకంలో ఎక్కించేది అక్కడే. మన దగ్గర మున్సబు కోర్టు, తాసీల్దారు ఆఫీసు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వేరేవేరే చోట్ల ఉంటాయి. అక్కడ అన్నీ ఒకే కప్పు కింద. కౌంటీని నడిపే సంఘాన్ని 'కమిషనర్స్ కోర్టు' అంటారు. పేరు కోర్టే గానీ చేసేది ఎక్కువగా రోడ్లు, పన్నులు, బడ్జెట్టు పని. ఒక జడ్జి, నలుగురు కమిషనర్లు, అందరూ ఓట్లేసి ఎన్నుకున్నవాళ్లే.

ఆ ముఖ్యపట్నం ఎక్కడుండాలి అన్నదానికి కూడా వాళ్ల 1876 రాజ్యాంగంలో నియమం ఉంది. కౌంటీ నట్టనడుమ నుంచి అయిదు మైళ్ల లోపు ఉండాలి. అది దాటి బయటికి తీసుకెళ్లాలంటే మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. గుర్రపు బండి మీద వచ్చే రైతుకు ఏ మూల నుంచైనా దూరం ఇంచుమించు సమానంగా ఉండాలని. ఇది విన్నప్పుడు నాకు మన మండలాలు గుర్తొచ్చాయి. ఆ ముచ్చట చివర్లో చెప్తా.

ఎల్లిస్ కౌంటీ 1849 డిసెంబరులో ఏర్పడింది. 1850లో వాక్సహాచీని ముఖ్యపట్నం చేశారు. ఎమరీ రోజర్స్ అనే ఆసామి తన భూమిలోంచి ఊరికి స్థలం ఇచ్చాడు. మొదటి కచేరీ దుంగలు పేర్చి కట్టిన గుడిసె. మన ఊళ్లో పశువుల చావిడి ఎట్లుంటదో అట్లాంటిదే. తర్వాత చెక్కతో ఒకటి కట్టారు. 1870ల్లో రాతితో ఇంకొకటి కట్టారు. నేను చూసిన ఎర్రరాయి కోట నాలుగోది. అంటే యాభై ఏళ్లలో నాలుగు కచేరీలు.

ఎందుకంత తొందర అంటే రెండు కారణాలు. ఒకటి రైలు. 1879లో వాక్సహాచీకి రైలు దారి వచ్చింది. అప్పటిదాకా ఎడ్లబండ్ల మీద పోయే పత్తి రైలెక్కింది, నల్లనేలంతా దున్నేశారు. 20వ శతాబ్దం మొదట్లో దేశం మొత్తం మీద ఎక్కువ పత్తి పండించే కౌంటీల్లో ఎల్లిస్ ఒకటి. రెండోది 1881లో వచ్చిన చట్టం. కచేరీ కట్టుకోవడానికి కౌంటీలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవచ్చని టెక్సాస్ ప్రభుత్వం దారి ఇచ్చింది. ఇంకేముంది, పక్క కౌంటీ వాడు కట్టాడంటే మనం దానికంటే పెద్దది కట్టాలి అని పోటీ పడ్డారు. మన ఊళ్లలో గాలిగోపురాల పోటీ చూడలేదా, అట్లాగే.

ఈ కోట కట్టడం 1895లో మొదలై 1897లో అయిపోయింది. ప్లాను గీసింది జేమ్స్ రైలీ గోర్డన్ అనే ఆర్కిటెక్టు. టెక్సాస్‌లో ఆయన డజనుకు పైగా కచేరీలు కట్టించాడు. ఆయన తెలివి నాకు బాగా నచ్చింది. అప్పట్లో ఫ్యాన్లు లేవు, ఏసీలు లేవు. టెక్సాస్ ఎండలు మన మాచర్ల ఎండలకు తీసిపోవు. ఆయన ఏం చేశాడంటే, భవనాన్ని కూడిక గుర్తు ఆకారంలో నాలుగు రెక్కలుగా పెట్టి, నడిమధ్యలో బురుజును పొగగొట్టం లాగా వాడుకున్నాడు. వేడిగాలి తేలిక కదా, బురుజు లోపలి నుంచి పైకి పోతది. దాని చోటు నింపడానికి కింద వరండాల్లోంచి చల్లగాలి లోపలికి వస్తది. రెక్కల మధ్య మూలల్లో నీడపట్టున వసారాలు పెట్టింది అందుకే. మన పాత మండువా ఇళ్లలో ఉన్న సూత్రమే ఇది. పైన తెరిపి ఉంటే కింద గాలి ఆడుతది.

ఖర్చు లక్ష డాలర్లు దాటింది. లక్ష అంటే ఇప్పుడు మనకు పెద్దగా అనిపించదు. నేను రైతు లెక్క వేసి చూశా. 1894లో పత్తి ధర పడిపోయి పౌను దూది 5 సెంట్లకు అటూఇటూ పలికింది. వాళ్ల బేలు 500 పౌన్లు. అంటే బేలుకు 25 డాలర్లు. లక్ష డాలర్లంటే 4,000 బేళ్లు. దూదికీ గింజకీ లెక్క కట్టి మన భాషలో చెప్పాలంటే సుమారు 27 వేల క్వింటాళ్ల గింజపత్తి. ఒక్కో కాయా చేత్తో తీసిన పత్తి. ధర లేని కాలంలో అంత పత్తి విలువ రాళ్ల కింద పెట్టారు. ఆ భవనం ముందు నిలబడి పైకి చూస్తుంటే నాకు గడియారం కనపడలేదు, వంగి పత్తి తీసే నడుములే కనపడ్డాయి.

వసారా స్తంభాల పైన రాతిలో ముఖాలు చెక్కి ఉంటాయి. కొన్ని అందమైన ఆడమనిషి ముఖాలు, కొన్ని వికారంగా నాలుక బయటపెట్టినవి. ఊళ్లో కథ ఏంటంటే, శిల్పి బస చేసిన ఇంట్లో అమ్మాయిని ఇష్టపడ్డాడట. మొదట్లో ఆమె ముఖం అందంగా చెక్కాడట. ఆమె కాదన్న కొద్దీ ముఖాలు వికారంగా మారాయట. మ్యూజియం పెద్దాయన ఇది నవ్వుతూ చెప్పి, "చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒప్పుకోరు" అన్నాడు. కథ బాగుంటే ఊరు వదలదు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఆ కచేరీ లోపల ఏముండేది? పుస్తకాలు. ఒక్కొక్కటి మన పెద్ద పంచాంగాలు పది కలిపినంత లావు. కొన్నవాళ్ల పేర్లతో ఒక పట్టిక, అమ్మినవాళ్ల పేర్లతో ఒక పట్టిక. ఎవరి భూమి ఎవరి నుంచి ఎవరికి పోయిందో మొదటి నుంచి వరసగా చూసుకోవచ్చు. ఎవరైనా వెళ్లి అడిగి చూడొచ్చు, యజమానే అయ్యుండక్కర్లేదు. ఇప్పుడు చాలా ఆఫీసులు దగ్గర్లోనే కట్టిన కొత్త భవనానికి మారాయి. నేను మావాణ్ణి అడిగా: "సరేరా, భూమి ఉన్నోడి పేరు ఈ పుస్తకంలో ఉంది. మరి కౌలుదారు పేరు?"

వాడికి తెలియలేదు. తర్వాత వెతికి చెప్పాడు. 1930 నాటికి టెక్సాస్ రైతుల్లో పది మందిలో ఆరుగురు కౌలుదార్లే. మనం అమెరికా రైతు అంటే వెయ్యి ఎకరాలు, పెద్ద ట్రాక్టరు అనుకుంటాం. ఆ కాలంలో అక్కడ పత్తి పండించింది ఎక్కువగా భూమి లేనివాళ్లు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికో మూలాలున్నవాళ్లు. సొంత కాడి, సొంత పనిముట్లు ఉన్నోడు ధాన్యంలో మూడో వంతు, పత్తిలో నాలుగో వంతు భూస్వామికి ఇచ్చేవాడు. ఏమీ లేనోడు సగానికి సగం ఇచ్చేవాడు. మన సగపాలే. విత్తనానికి, తిండికి దుకాణంలో అప్పు. పంట వచ్చాక లెక్క. లెక్క రాసేది దుకాణందారే.

వాళ్ల పేరు భూమి పుస్తకంలో ఉండదు. మరి కచేరీలో అసలు లేదా అంటే ఉంది. ఇంకో పుస్తకంలో ఉంది. చరాస్తుల తాకట్టు పుస్తకం. కౌలుదారు తన గాడిదను, బండిని, ఇంకా మొలవని పంటను దుకాణానికి తాకట్టు పెడితే ఆ కాగితాన్ని కౌంటీ క్లర్కు దగ్గర దాఖలు చేసేవాళ్లు. అంటే 27 వేల క్వింటాళ్ల పత్తితో కట్టిన ఆ మేడలో, పత్తి పండించినోడి పేరు అప్పుల పుస్తకంలో ఉంది. ఇది విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో కింద చెప్తా.

ఇంకో పద్ధతి ఉంది. అప్పు కట్టలేని ఆస్తిని టెక్సాస్‌లో వేలం వేసేది కచేరీ దగ్గరే. ప్రతి నెలా మొదటి మంగళవారం, పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపు. ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. 1919లో పౌను 35 సెంట్లు పలికిన పత్తి, 1920 చివరికొచ్చేసరికి 15 సెంట్ల దగ్గరకు పడిపోయింది. 35 సెంట్ల లెక్కన అప్పుచేసి భూమి కొన్నోళ్లు ఏమయ్యుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. 1931లో ఇంకా దిగి 6 సెంట్ల లోపుకు వచ్చింది. సొంత భూమి ఉన్నోడు అమ్ముకుని కౌలుదారయ్యాడు, కౌలుదారు కూలీ అయ్యాడు. ఏ మెట్ల మీద నిలబడి తాతలు మా కచేరీ చూడండి అని గర్వపడ్డారో, ఆ మెట్ల దగ్గరే మనవళ్ల భూములు పాట పెట్టారు.

సినిమాలు చూసేవాళ్లకు ఒక మాట. 1984లో 'ప్లేసెస్ ఇన్ ది హార్ట్' అని ఒక సినిమా వచ్చింది. దాని డైరెక్టరు రాబర్ట్ బెంటన్ పుట్టింది వాక్సహాచీలోనే, సినిమా తీసింది కూడా ఆ ఊళ్లోనే. భర్త చనిపోయిన ఒక ఆడమనిషి, బ్యాంకు అప్పులో ఇల్లూ పొలమూ పోకుండా పత్తి వేసి ఎట్లా పోరాడిందనేది కథ. ఆ వేషం వేసిన సాలీ ఫీల్డ్‌కు ఆస్కార్ వచ్చింది. మావాడు పెట్టి చూపించాడు. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు గానీ, పత్తి తీసి తీసి వేళ్లు చీరుకుపోయి రక్తం వచ్చే చోట మా ఇంటావిడ కళ్లు తుడుచుకుంది. దానికి భాష ఎందుకు?

కచేరీ అందరి డబ్బుతో కట్టిందే గానీ అందరిదీ కాలేదు. 1902లో టెక్సాస్‌లో తలపన్ను పెట్టారు. అది కడితేనే ఓటు. కౌలుదారు చేతిలో డబ్బు కనపడేది పత్తి అమ్మినప్పుడే. ఓటు కోసం తలపన్ను కట్టాలంటే పిల్లల చెప్పులు మానుకోవాలి. జ్యూరీ అని ఉంటది, ఊరి మనుషులు పన్నెండు మంది కూర్చుని నేరం చేశాడా లేదా తేల్చేది. అందులో ఆడవాళ్లకు టెక్సాస్‌లో చోటు దొరికింది 1954లో. దక్షిణాన జాక్సన్ కౌంటీలో పీట్ హెర్నాండెజ్ అనే వ్యవసాయ కూలీ మీద హత్య కేసు నడిచింది. ఆ కౌంటీలో పాతికేళ్లుగా మెక్సికో పేరున్న మనిషి ఒక్కడు కూడా జ్యూరీలో కూర్చోలేదని ఆయన లాయర్లు పట్టుకున్నారు. అది తప్పని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కచేరీలోనే మరుగుదొడ్లు కూడా మనుషుల రంగును బట్టి వేరేవేరేగా ఉండేవని ఆ తీర్పులో రాసి ఉంది.

వాక్సహాచీ కచేరీని 2002లో బాగుచేసి మళ్లీ తెరిచారు. ఆ పనుల్లో కింద అంతస్తులో తాగునీటి కుళాయి పైన పాత రంగు గీకుతుంటే నల్లవాళ్లకు వేరుగా పెట్టిన కుళాయి అని రాసిన అక్షరాలు బయటపడ్డాయి. వాటిని తుడిచేయాలా, చరిత్ర కాబట్టి ఉంచాలా అని ఊళ్లో పెద్ద గొడవే అయింది. నన్నడిగితే ఉంచాలంటా. మన ఊళ్లలో రెండు గ్లాసుల హోటళ్లు ఉండేవని మన పిల్లలకు చెప్పకపోతే, వాళ్లకు మన బాగోతం ఎట్లా తెలుస్తది?

అక్కణ్ణుంచి ఇంకో 55 కిలోమీటర్లు పోతే హిల్స్‌బరో వస్తది. హిల్ కౌంటీ ముఖ్యపట్నం. పూర్తిగా పల్లె కౌంటీ, మొత్తం జనాభా 36 వేల దగ్గర. వాళ్ల కచేరీ 1890లో సున్నపురాయితో కట్టింది. దాని ఆర్కిటెక్టు డబ్ల్యూ.సి. డాడ్సన్. 1993 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజు, ఆ కచేరీ తగలబడింది. కరెంటు వైరింగులో మొదలైందంటారు. కప్పు పోయింది, గడియారం బురుజు కూలి లోపల పడింది, రాతి గోడలు మాత్రం నిలబడ్డాయి.

అంత చిన్న కౌంటీ, డబ్బు ఎక్కడిది? కూలగొట్టి రేకుల షెడ్డు లాంటిది ఒకటి వేసుకుంటే చవకలో పోయేది. వాళ్లు ఆ పని చేయలేదు. చందాలు వేశారు. విల్లీ నెల్సన్ అని అమెరికాలో పేరున్న పాటగాడు ఉన్నాడు. ఆయన పుట్టింది ఆ కౌంటీలోని ఆబట్ అనే పల్లెలో. సొంత కౌంటీ కచేరీ కోసం కచేరీ చేసి డబ్బు పోగుచేశాడు. మన భాషలో రెండింటికీ ఒకే మాట, చూశారా! 1999లో ఆ భవనం మునుపటి లాగానే మళ్లీ లేచింది.

ఆ మంట ఒక్క హిల్ కౌంటీతో ఆగలేదు. రాష్ట్రమంతా పాత కచేరీలు పాడుబడుతున్నాయని జనం మేల్కొన్నారు. 1998లో, దేశంలో అన్నిటికంటే ముప్పులో ఉన్న పదకొండు చారిత్రక స్థలాల పట్టికలో టెక్సాస్ కచేరీలను చేర్చారు. మరుసటి ఏడే, బుష్ గవర్నరుగా ఉన్నప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం పాత కచేరీల మరమ్మతుకు పథకం పెట్టి మొదటి విడతగా 5 కోట్ల డాలర్లు ఇచ్చింది. కౌంటీ తన వాటా కూడా వేసుకోవాలి. చేతి డబ్బు పడితేనే మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు, అది ఎక్కడైనా ఒకటే. ఎల్లిస్ కచేరీ బాగుపడింది కూడా ఆ పథకంలోనే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

నా చిన్నప్పుడు మా నాన్న నన్ను తాలూకా కచేరీకి తీసుకెళ్లేవాడు. బస్సు దిగి నడిచి వెళ్తే పెద్ద వరండా, మద్రాసు మిద్దె, వేపచెట్టు కింద అర్జీలు రాసే గుమాస్తాలు. లోపల ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు అటకల దాకా. చెప్పులు బయట వదిలేసి లోపలికి వెళ్లేవాడు మా నాన్న. గుడి కాదు కదా నాన్నా అంటే, "మన భూమి ఉండేది ఇక్కడేరా" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. భూమి పొలంలో ఉంటది గానీ ఇక్కడెట్లా ఉంటది అనుకున్నా.

1984 జనవరిలో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఎన్టీఆర్ గారు చెప్పిన మాట, పాలన రైతు దగ్గరికి రావాలని. దూరం తగ్గింది, నిజం. టెక్సాస్ వాళ్లు అయిదు మైళ్ల నియమం పెట్టింది ఎందుకో మన మండలాలు వచ్చిందీ అందుకే. కానీ కట్టలు కరణాల ఇళ్ల నుంచి, తాలూకా కచేరీల నుంచి మండలాఫీసులకు మారేటప్పుడు ఎన్ని చెదలుపాలయ్యాయో, ఎన్ని వానకు తడిశాయో ఆ రోజులు చూసినవాళ్లకు తెలుసు. మా నాన్న పేరు మీద ఉన్న రెండున్నర ఎకరాల్లో 20 సెంట్లు ఆ మార్పిడిలో కాగితం మీద మాయమయ్యాయి. నేలమీద గట్టు గట్టులాగే ఉంది. కాగితం మీద లేదు. అది మళ్లీ ఎక్కించుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఏ ఆఫీసు, ఏ అధికారి అని నేను చెప్పను, ఇప్పుడు దాంతో పనిలేదు. పాత శిస్తు రసీదు ఒకటి మా అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది కాబట్టి బతికిపోయా.

ఇక నిద్ర ఎందుకు పట్టలేదో చెప్తా. నాకు సొంతం రెండున్నర ఎకరాలు. ఇంకో అయిదెకరాలు కౌలుకు చేస్తా. ఆ భూమి ఆసామి హైదరాబాదులో ఉంటాడు, మంచి మనిషే, నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు. 2019 చట్టం ప్రకారం కౌలురైతుకు పంట సాగు హక్కు కార్డు ఇస్తారు, పదకొండు నెలలకు. దానికి ఆసామి సంతకం పెట్టాలి. "బాబాయ్, నువ్వంటే నాకు నమ్మకమే, కానీ కాగితం వద్దు" అన్నాడు. ఆయన భయం ఆయనది. కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే భూమి పోతదని పాతకాలం నుంచి ఒక భయం. ఆ ఏడు కాయ పగిలే టైముకు వానలు పట్టుకున్నాయి. పత్తి చెట్టుమీదే నల్లబడి మొలకలెత్తింది. నష్టపరిహారం వచ్చింది. ఎవరి ఖాతాలో పడింది? పుస్తకంలో పేరున్నోడి ఖాతాలో. ఆయన సగం పంపించాడు, అది ఆయన మంచితనం. కానీ నేను పండించిన పంటకు నాకు రావాల్సింది ఇంకొకరి మంచితనం మీద ఆధారపడి వచ్చింది.

మరి ఆ ఏడు నా పేరు ఎక్కడుంది? మందుల కొట్టు ఖాతా పుస్తకంలో ఉంది. నూరేళ్ల కిందట ఎల్లిస్ కౌంటీలో గాడిదను తాకట్టు పెట్టిన కౌలుదారు పేరు ఉన్న పుస్తకం లాంటిదే అది. దేశం మారింది, కాలం మారింది, పుస్తకం మారలేదు. అదీ ఆ రాత్రి నా బాధ.

కాబట్టి మీకు చెప్పేది ఇది. మండలాఫీసు కొత్త బిల్డింగు కట్టారని, టైల్స్ వేశారని, కంప్యూటర్లు పెట్టారని మనం సంతోషపడతాం. పడాలి కూడా. హిల్ కౌంటీ వాళ్లలాగా మన పాత కచేరీలను కాపాడుకోవాలి కూడా. మా తాలూకా కచేరీ వరండా కప్పు మొన్న వానలకు ఒక పక్క కూలింది, పట్టించుకున్న నాథుడు లేడు. కానీ మేడ ఎంత గొప్పదైనా, లోపల పుస్తకంలో దున్నేవాడి పేరుందా లేదా అన్నది ముందు చూడాలి.

సొంత భూమి ఉన్నవాళ్లు ఈ వేసవిలో ఒక పని చేయండి. అడంగల్, 1బి తీయించి సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు అక్షరం అక్షరం చూసుకోండి. పాత రసీదులు, దస్తావేజులు పారేయొద్దు, ఫోటో తీసి పిల్లల ఫోనులో పెట్టించండి. రీసర్వేలో తేడా వస్తే టైములోపు అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. కౌలుకు ఇచ్చే ఆసాములు ఈ పోస్టు చదువుతుంటే ఒక్క విన్నపం. ఆ కార్డు పదకొండు నెలలకే, అందులో పంట మీద హక్కే గానీ భూమి మీద హక్కు లేదు. సంతకం పెట్టండి. మీ గట్టు ఎక్కడికీ పోదు.

మా ఆసామికి ఈ పోస్టు పంపిస్తున్నా. చదివి ఫోను చేస్తాడో లేదో చూడాలి. మీ ఊరి పాత తాలూకా కచేరీ ఎప్పుడు కట్టారో, ఇప్పుడు ఎట్లుందో తెలిసినవాళ్లు కింద రాయండి, ఫోటో ఉంటే పెట్టండి. రేపు కూలీలు వస్తామన్నారు, కట్టె పీకుడు మొదలు. ఉంటా మరి.